పాత కార్ల తలుపు లోపలి భాగాన్నీ చూడండి

సంపాదకులకు,

అయ్యా,

పాత కార్ల ప్రదర్శనల వార్తల్లో రంగు గురించీ, క్రోమియం మెరుపు గురించీ, ఇంజను గురించీ ఎంతో రాస్తారు గాని, తలుపు తీసి లోపలివైపు ఏముందో చూసి రాసినవారు అరుదు. పాత అంబాసిడర్ యజమానిగా, ఈ కార్లలో అన్నిటికంటే వేగంగా కనుమరుగవుతున్నవి తలుపు లోపలి రేకును కప్పే పలకలు, అంటే డోర్ ప్యాడ్లేనని గమనించి ఈ లేఖ రాస్తున్నాను.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆనాటి మరో కారు ప్రీమియర్ పద్మిని తయారీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగింది. కంపెనీ ప్యాడ్లు కొత్తవి ఇక రావు. అయినా కారు బాగుచేయించేటప్పుడు మొదట చెత్తకుప్పకు చేరేవి పాత ప్యాడ్లే. వాటి స్థానంలో మందమైన ప్లైవుడ్ కోసి, వజ్రాకారపు గళ్లు కుట్టిన మెరిసే రెక్సిన్ తొడిగి, ముఖం మీదే స్క్రూలు బిగిస్తున్నారు. ఆ కాలపు ప్యాడ్లు చాలావరకు మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు మీద చేసినవి. దాని రెట్టింపు మందం పలక పెడితే వెనుక స్ప్రింగు క్లిప్పులు తలుపు రేకు రంధ్రాల్లోకి సరిగా దిగవు, అద్దం తిప్పే హ్యాండిల్‌కు కడ్డీ పొడవు చాలదు; అందుకే స్క్రూల అవసరం వస్తుంది. పైగా 1960లలో అనేక కార్ల ప్యాడ్ల మీది గీతలు సూదితో కుట్టినవి కావు, వేడితో నొక్కి రెక్సిన్‌ను అతికించినవి. ఒకసారి పారేస్తే కుట్టు మిషనుతో వాటిని తిరిగి తేలేము. స్టీరియో స్పీకర్ల కోసం ప్యాడ్లకు గుండ్రటి కన్నాలు కోయించిన రోజుల సంగతి ఎత్తకపోవడమే మేలు.

అసలు ప్యాడ్ ఎందుకు పాడవుతుందో ముందు చూడాలి. కారు తలుపు లోపలికి నీరు రాకుండా ఎవరూ ఆపలేరు. వాన నీరు అద్దం పక్కనున్న రబ్బరు దాటి తలుపులోకి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోయేలాగే దాన్ని తయారుచేశారు. రేకుకూ హార్డ్‌బోర్డుకూ నడుమ ఉండే తడి తగలని కాగితం లేదా ప్లాస్టిక్ పొర ఆ చెమ్మను అడ్డుకుంటుంది. అద్దం దించే యంత్రం బాగుచేసే మెకానిక్ ఆ పొరను చించి, మళ్లీ అతికించకుండానే ప్యాడ్ బిగించేస్తే, ఆపై అడుగు రంధ్రాలు మట్టితో పూడుకుంటే, బోర్డు కింది అంచు ఉబ్బి పొరలుగా విడిపోతుంది, క్లిప్పులు పట్టు తప్పుతాయి, రేకు లోపలినుంచి తుప్పు పడుతుంది. మా కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలిలోని ఉప్పు, తేమ దీనికి తోడవుతాయి. మూలం ఇదైనప్పుడు కొత్త రెక్సిన్ ఎంత ఖరీదైనది వేసినా కొన్ని వర్షాకాలాలకే ముచ్చట తీరిపోతుంది.

కనుక ప్యాడ్ ఊడదీసిన రోజే రంధ్రాలు పొడిచి శుభ్రం చేయించి, తుప్పు గీకించి, లోపల తుప్పు నివారణ మందు పూయించి, కొత్త ప్లాస్టిక్ పొర వేయించాలి. రెక్సిన్ చిరగకుండా ఉంటే సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. మెరుపు కోసం నూనెలు రాస్తే దుమ్ము పట్టడం తప్ప ప్రయోజనం లేదు. బోర్డు మాత్రమే చెడితే, రెక్సిన్‌ను సన్నని వేడి గాలితో మెత్తబరచి నెమ్మదిగా విడదీసి, పాత బోర్డునే నమూనాగా పెట్టి అదే మందంలో కొత్తది కోయించి, ప్రతి క్లిప్పు రంధ్రమూ సరిచూసుకోవాలి. కొత్త బోర్డుకు రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, వార్నిష్ పట్టించిన తరువాతే రెక్సిన్ అతికించాలి. ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి నాసిరకం జిగురు వదిలేస్తుంది కాబట్టి, వేడిని తట్టుకునే రబ్బరు జిగురును రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక, మధ్యనుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. ఇది సీట్లు కుట్టే మన పనివారికి చేతకాని పని కాదు. పాతది ఉంచమని అడిగేవారే వారికి దొరకడం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచిన వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ నిబంధన దృష్టి ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల మీదే ఉంది. డోర్ ప్యాడ్ మార్చినంత మాత్రాన నంబరు ఆపాలని నేనూ అనను. అయితే చట్టం చూడని ఈ భాగాన్ని ప్రదర్శనల న్యాయనిర్ణేతలైనా చూడవచ్చు. అమెరికాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనలో, కొత్త హంగులు చేయకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడుకున్న కార్లకు వేరే విభాగమే ఉంది. మన హైదరాబాద్, విశాఖ ప్రదర్శనల నిర్వాహకులు అటువంటి విభాగం ఒకటి పెట్టి, నాలుగు తలుపులూ తీయించి చూసి మార్కులు వేయాలనీ, కొద్దిగా వెలిసినా అసలు ప్యాడ్లు ఉన్న కారుకు కొత్త రెక్సిన్ కారు కంటే ఎక్కువ విలువ ఇవ్వాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కాకినాడ