యాప్ తీసేస్తే చందా ఆగదు

సంపాదకులకు,

ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా కూడా పోతుందని చాలామంది నమ్ముతున్నారు. పోదు. చందా అనేది మనకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఆటోపే మన ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి. రెండూ విడివిడిగా రద్దు చేసుకోవాలి. ముందు ఒప్పందం, ఆ తర్వాతే ఆటోపే.

వరస తిరగబడితే చిక్కే. యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి, పిన్ కొట్టి రద్దు చేస్తే డబ్బు కోత ఆగుతుంది, నిజమే. కానీ ఏడాది ఒప్పందం రాయించుకున్న జిమ్మువాళ్లో, ఇంట్లో యంత్రాల ఏటా మరమ్మతు ఒప్పందం (ఏఎంసీ) చూసేవాళ్లో అది ఇంకా నడుస్తోందంటూ బకాయి నోటీసు పంపొచ్చు. కార్డు మీద ఇచ్చిన అనుమతి యూపీఐ ఆటోపేలో వెతికితే దొరకదు, దాన్ని కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్లో చూడాలి. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్న చందా అయితే అందులోని సబ్‌స్క్రిప్షన్స్‌లో, ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మన పేరు కింద ఉంటుంది.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఎవరు, ఎంత, ఎప్పుడు తీసుకుంటున్నారో అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం అనుమతినైనా వద్దనే వీలు కూడా ఇవ్వాలి. సాధారణ చందాలకు 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అడగరు కాబట్టి, మనకు మిగిలిన కాపలా ఆ మెసేజే. మెలిక కూడా అక్కడే ఉంది. ‘గడువు ముగియడానికి 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపనిచో ఒప్పందం పొడిగించబడును’ అని చిన్న అక్షరాల్లో ఉంటే, బ్యాంకు మెసేజ్ వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. డబ్బు కోతకు ముందు చెప్పడం ఎంత తప్పనిసరో, వద్దని చెప్పే గడువుకు ముందు గుర్తుచేయడం కూడా కంపెనీలకు అంతే తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా చేరిన రోజే గడువు తేదీ నుంచి 40 రోజులు వెనక్కి లెక్కేసి క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవడమే దారి. ఆ పది రోజులూ కస్టమర్ కేర్ తిప్పల కిందే పోతాయి.

ఫోన్లో చెబితే చాలదు, మెయిల్ పెట్టాలి. ‘ఆపాలనుకుంటున్నాను’ అని రాయకండి, అది బేరానికి పిలుపు. ‘ఫలానా నంబరు ఒప్పందం ఫలానా తేదీతో ముగుస్తుంది. పొడిగించవద్దు. ఆ తేదీ తర్వాత డబ్బు తీసుకోవడానికి నా అనుమతి లేదు. అందినట్టు జవాబివ్వండి’ అంటే సరిపోతుంది. మూడు నెలలు ‘పాజ్’ చేస్తామంటే ఒప్పుకోవద్దు, పాజ్ అయిపోగానే కోత మళ్లీ మొదలవుతుంది. వెబ్‌సైట్లో అయితే రద్దు మీట నొక్కాక ‘నిజంగా వెళ్లిపోతారా’ అంటూ రెండు మూడు పేజీలు తిప్పుతారు. రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా రద్దు కానట్టే. చివరి పేజీ స్క్రీన్‌షాట్ దాచండి.

రద్దును ఇలా కష్టతరం చేయడం ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లు, యాప్‌లు వినియోగదారుణ్ని మభ్యపెట్టే ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించిన 13 ఎత్తుగడల్లో ఇదొకటి. ఉచిత ట్రయల్ కోసం ఆటోపే అనుమతి ఇచ్చి తీరాలనడం కూడా దాని కిందికే వస్తుంది. ఫిర్యాదులో ఆ మాట పేరుపెట్టి రాయాలి.

కంపెనీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ముందస్తు మెసేజ్ లేకుండా డబ్బు పోతే తప్పు బ్యాంకు వైపుది, అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్లలోగా కేసు వేయాలి.

– ఒక పాఠకుడు