పాత చర్చి గోడకు సిమెంటు కొట్టకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

వానలు తగ్గగానే చర్చిల్లో క్రిస్మస్ పనులు మొదలవుతాయి. సంఘం పెద్దలు చందాలు పోగుచేస్తారు, పెచ్చులూడిన చోట మేస్త్రీ సిమెంటు కొడతాడు, దాని మీద ప్లాస్టిక్ పెయింటు పడుతుంది. డిసెంబరు 24 రాత్రికి అంతా తళతళలాడుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక అదే గోడకు, ఈసారి మరో అడుగు పైకి, పెచ్చులు లేస్తాయి. మేస్త్రీ పనితనంలో లోపం లేదు, ఇచ్చినవారి భక్తిలో అసలే లేదు. ఆ గోడకు పడని సరుకు వాడటమే తప్పు. పనులు మొదలుకాకముందే ఈ సంగతి పదిమందికీ తెలియాలని ఈ ఉత్తరం.

మన రాజధాని హైదరాబాద్‌లోని చర్చిలనే తీసుకోండి. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో లేచిందని దానికి పేరు. 1983 నవంబరులో రెండో ఎలిజబెత్ రాణి అక్కడ ప్రార్థనకు వచ్చారు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ 1850లో ప్రతిష్ఠ జరుపుకొంది, 2008లో బసిలికా (పోప్ ఇచ్చే ప్రత్యేక హోదా) అయింది. తిరుమలగిరి ఆల్ సెయింట్స్ 1860 నాటిది, గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ 1870లలో కట్టింది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో, పోరుబందరులో. అంటే ఇవన్నీ సున్నంతో లేచిన కట్టడాలే.

రాజధాని దాటితే సంగతి కాస్త వేరు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు ఒక్కచోట కలిసిన అలాంటి కట్టడం మరోచోట దొరకదు. మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబరు 25న తెరుచుకుంది. ఆ నాటికి సిమెంటు బజారులోకి వచ్చేసింది కనుక ఏ గోడలో ఏముందో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. వరంగల్ మేత్రాసనం (క్యాథలిక్ బిషప్ పరిధి) ఏర్పడిన 1952 తర్వాత సిమెంటుతోనే కట్టిన చర్చిలకు నేను చెప్పబోయేది వర్తించదు.

చూడటం కష్టమేమీ కాదు. అతుకులోంచి చింతగింజంత ముక్క తీసి వేళ్లతో నలపండి. తెల్లటి సున్నపు పలుకులతో పొడిపొడిగా రాలితే సున్నం, బూడిదరంగులో గట్టిగా ఉండి నలగకపోతే సిమెంటు. ఇంకాస్త పెద్ద ముక్కను తూచి, పలచని ఆమ్లంలో వేస్తే సున్నం పొంగి కరిగిపోయి ఇసుక మిగులుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే పాత మేస్త్రీలు కలిపిన పాళ్లు దాదాపుగా బయటపడతాయి. అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపారన్న మాట. వరంగల్ ఎన్ఐటీ సివిల్ విభాగం లాంటి చోట ఈ పరీక్ష పెద్ద పనే కాదు.

సిమెంటు ఎందుకు పడదంటే, ఆ రోజుల్లో పునాదిలో చెమ్మను ఆపే పొర వేసేవారు కాదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తడిని బయటికి ఆవిరి కానిస్తుంది కనుక గోడ దానంతటదే ఆరుతుంది. పైన సిమెంటు పడితే ఆ దారి మూసుకుపోయి, తడి ఇంకా పైకి వెతుక్కుంటుంది. తడితో పాటు వచ్చిన లవణాలు పూత వెనక గడ్డకట్టి ఉబ్బుతాయి. చివరికి సిమెంటు పలకలా ఊడుతుంది, ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా పెకలించుకుపోతుంది. వేలిముడితో గోడను తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల ఈ పని మొదలైనట్టే. "సున్నంలో గుప్పెడు సిమెంటు కలిపితే గట్టిపడుతుంది" అని చాలామంది మేస్త్రీలు అంటారు. అలా కలిపితే సున్నం గుణమూ దక్కదు, సిమెంటు బలమూ దక్కదు.

దీనికి మించిన చేటు నేల మీద జరుగుతోంది. దాత దొరికాడని లోపల గ్రానైటు, బయట గోడ అంచు దాకా కాంక్రీటు పరుస్తారు. నేలంతా మూసుకుపోయాక తడికి మిగిలేది గోడ ఒక్కటే. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున కాంక్రీటు తీసి కంకర నింపి, వాలు బయటికి పెడితే సగం చెమ్మ అక్కడే ఆగుతుంది. తవ్వకం పునాది అడుగుకు దిగకూడదు, బయటి నేల లోపలి గచ్చు కన్నా కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి.

ఇక సున్నం. సున్నం మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే కాల్చిన సున్నాన్ని కొంచెం కొంచెంగా వేయాలి. అది కుతకుత ఉడికి చిమ్ముతుంది, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయవద్దు. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా తక్కువలో తక్కువ రెండు వారాలు నానబెట్టాలి, నెలలు నానితే మరీ మంచిది. తొందరపడితే ఉడకని పలుకులు పూతలో ఉండిపోయి తర్వాత పొంగి, గోడంతా చిన్న చిన్న గుంటలు పడతాయి. పరీక్షలో పాత పాళ్లు తేలకపోతే ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్లు కడిగిన ఇసుకతో అడుగు వెడల్పున నమూనా పూసి చూడండి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన పాత మేస్త్రీ దొరికితే అతని మాట వినండి. గోడను ముందురోజే తడపాలి. ఒక్కో పొర అర అంగుళానికి మించకూడదు. పూశాక పది పద్నాలుగు రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. ఎండకు గబగబా ఆరితే బీటలు వారుతుంది, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. రంగుకు బదులు పాల చిక్కదనంలో వెల్ల, పలచగా నాలుగైదు చేతులు చాలు.

పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు పూడుకుపోవడం, గోడల్లో రావి మొక్కలు మొలవడం అందరికీ కనిపించేవే. మొక్కను గుంజితే రాళ్లు కదులుతాయి, మొదలు కోసి వేరుకు మందు పెట్టాలి. కనిపించనివి టేకు దూలాల కొసలు. గోడలోకి దిగిన ఆ చివర్లే ముందు పుచ్చుతాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే తెలుస్తుంది.

రంగుటద్దాల కిటికీలున్న చోట బయట ప్లాస్టిక్ షీటు బిగించేస్తున్నారు. గాలి ఆడక లోపల వేడి, ఆవిరి చేరి, అద్దాలను పట్టుకున్న సీసపు పట్టీలు సడలి పొట్ట వేస్తాయి. షీటు తప్పదనుకుంటే పైనా కిందా సందు వదలాలి. మెదక్‌లోని మూడు కిటికీలు 1927, 1947, 1958లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటిలో ఒక్క అద్దం పోయినా బజారులో దానికి జోడు దొరకదు.

రాష్ట్రం 2017లో వారసత్వ కట్టడాల చట్టం చేసింది. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం మొదలుపెట్టిన హృదయ్ పథకంలో వరంగల్‌కు చోటు దక్కింది. కోట, వేయిస్తంభాల గుడి మీద ఉన్న శ్రద్ధలో కొంతైనా ఈ చర్చిలకు దక్కాలి. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, జిల్లా యంత్రాంగాలు తమ పరిధిలోని పాత చర్చిల జాబితా తయారుచేయాలి. సున్నపు పనికి విడిగా రేట్లు, కొలతలు ఖరారు చేయాలి, అవి లేకపోతే కాంట్రాక్టరు సిమెంటే రాస్తాడు. సున్నం తెలిసిన కొద్దిమంది ముసలి మేస్త్రీల చేత కుర్రవాళ్లకు జీతమిచ్చి నేర్పించాలి. ప్రొటెస్టెంటు డయోసిస్‌లు, క్యాథలిక్ మేత్రాసనాలు కూడా అనుభవమున్న ఇంజినీరు చూడకుండా పాత గోడను ముట్టుకోవద్దని తమ సంఘాలకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ క్రిస్మస్‌కు ప్లాస్టిక్ పెయింటు పడిన గోడల జోలికి పోకండి, వాటి మీద వెల్ల నిలవదు. తోరణాలు, దీపాలతో సరిపెట్టుకోండి. జనవరిలో డొల్ల పలికిన సిమెంటును సుత్తి, ఉలితో చేత్తోనే తీయించండి, మిషను పెట్టవద్దు. ఇటుకను గట్టిగా కరుచుకున్న చోట ప్రస్తుతానికి వదిలేయండి. బయటపడ్డ ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి, కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చి, వానలకు ముందే సున్నం నానబోసి, దసరా వెళ్లాక పూత మొదలుపెడితే పై క్రిస్మస్‌కు వెల్ల వేసుకోవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు, హనుమకొండ