మంచు ఫొటోల ధర, ఆ నీలం రంగు సంగతి

మా స్టూడియోకి వచ్చే అందరికీ నమస్కారం.

సంక్రాంతి పని అయిపోగానే ఈ ఏడాది కూడా మంచు ఫొటోలు తీయడానికి హిమాలయాల్లోని ఔలీ వెళుతున్నాను. రథసప్తమి లోపు శ్రీకాకుళం వచ్చేస్తాను. ఈలోగా పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు తమ్ముడు చూసుకుంటాడు. మీ పని ఏదీ ఆగదు, టెన్షన్ పడకండి. వెళ్లే ముందు మంచు ప్రింట్ల గురించి మీకు రెండు విషయాలు చెప్పాలి. వాటి ధర పెంచుతున్నాను. రంగు మార్చమంటే మాత్రం మార్చను.

ముందు రంగు సంగతి. ఫ్రేము చూసి చాలామంది ఒకటే అడుగుతారు: "మంచు తెల్లగా ఉండాలి కదా బాబూ, ఇదేంటి నీలంగా ఉంది? కాస్త తెల్లగా చేసి ఇవ్వు." కంప్యూటర్లో అది అర నిమిషం పని. చెయ్యనన్నందుకు కొన్ని ఆర్డర్లు పోయాయి కూడా. అయినా నా మాట అదే.

ఔలీ ఉత్తరాఖండ్‌లో, జోషీమఠ్‌కి పైన, 2,500 మీటర్లకు మించిన ఎత్తులో ఉంటుంది. జనవరి నడుమ అక్కడ సూర్యోదయం 7:10 ప్రాంతంలో, అంటే మనకంటే 40 నిమిషాలు ఆలస్యం. అలాగని ఆలస్యంగా లేస్తే కుదరదు. నాలుగున్నరకే లేచి, చీకట్లో మంచులో దిగబడుతూ పైకి నడిచి, వెలుగు రాకముందే ట్రైపాడ్ నిలబెట్టుకోవాలి. రాత్రి కురిసిన మంచు మీద ఒక్క అడుగు పడినా ఆ ఫ్రేము పోయినట్టే. తొమ్మిదయ్యేసరికి ఆ వాలు నిండా స్కీయింగ్ చేసేవాళ్లు ఉంటారు.

సూర్యుడు రాకముందు కొండ మీద పడేది ఆకాశపు వెలుగు ఒక్కటే. ఆకాశం నీలం, మంచుకి తనదంటూ రంగు లేదు, పడిన వెలుగునే తిరిగి ఇస్తుంది. అందుకే అప్పుడు నేలంతా నీలంగా ఉంటుంది. 7,816 మీటర్ల నందాదేవి అక్కడి నుంచి ఆగ్నేయంగా కనిపిస్తుంది, జనవరిలో సూర్యుడు లేచేదీ ఆ వైపు నుంచే. కాబట్టి ఆ శిఖరం కాసేపు నల్లగానే ఉండిపోతుంది. దానికి ఎదురుగా ఉన్న కొండల తలలు ముందు వెలుగుతాయి. పొద్దున్నే వాలుగా వచ్చే కిరణం గాలిలో చాలా దూరం ప్రయాణించి రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది. అలా పైన గులాబీ రంగు, కింద నీడలో ఇంకా నీలం. రెండూ కలిసి ఉండేది కొద్ది నిమిషాలే. తెల్లటి మంచు పగలంతా దొరుకుతుంది. నేను నాలుగున్నరకి లేచేది ఆ కొద్ది నిమిషాల కోసం.

అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు స్వామి పాదాలు తాకే ఉదయాల్లో మనమంతా ఎలా కాచుకుని ఉంటామో మీకు తెలుసు. మబ్బు పట్టిందా, ఆ రోజుకి లేనట్టే. అక్కడా అంతే.

కెమెరా కూడా ఈ రంగుని తనంతట తాను ఒప్పుకోదు. తెల్లటి మంచుని చూసి వెలుగు ఎక్కువైందనుకుని బూడిద రంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒకటి, ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచి తీయాలి. మరీ పెంచితే మంచు పలుకులు మాయమై తెల్ల కాగితంలా అయిపోతుంది. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, అందుకని స్వెట్టరు లోపల జేబులో పెట్టుకుంటాను. గదిలోకి వచ్చే ముందే కెమెరాని పాలిథిన్ కవరులో గట్టిగా కట్టెయ్యాలి, లేకపోతే లెన్సు మీద చెమ్మ పట్టేస్తుంది.

ఇంత చేసి తెచ్చాక ల్యాబ్‌లో మిషను నీలాన్ని తప్పు అనుకుని తీసేస్తుంది. ఆ ఆటో కరెక్షన్ ఆపించి, ముందు చిన్న ముక్క ప్రింటు వేయించి చూసుకుని, అప్పుడు పెద్దది వేయిస్తున్నాను. రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి. గ్లాసీ పేపరు మానేసి మ్యాట్ వాడుతున్నాను, ట్యూబులైటు అందులో మెరవదు. మన సముద్రపు గాలి తేమకి ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది కాబట్టి మధ్యలో మౌంట్ బోర్డు, అంటే మందపాటి అట్ట, పెడుతున్నాను. ఈ ఖర్చులన్నీ కలిపి 12×18 అంగుళాల ఫ్రేము ధర 1,200 నుంచి 1,450 రూపాయలకు పెరిగింది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి పాత ధరే.

ఈ ఫ్రేములు ఎక్కువగా కొనేది సైన్యంలో పిల్లలున్న ఇళ్లవాళ్లు. మన జిల్లాలో జవాను లేని ఊరు వెతుక్కోవాలి. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మ ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడి, "మా వాడు ఉండేది ఇలాటి చోటేనా బాబూ?" అని అడిగారు. అబ్బాయి కశ్మీరులో ఉన్నాడట. ఇది ఉత్తరాఖండ్ అమ్మా, కానీ తెల్లవారుజామున మంచు అక్కడా ఇలాగే ఉంటుంది అన్నాను. ఆమెకి ఆ మాట చెప్పి, రంగు మార్చిన ఫొటో చేతిలో ఎలా పెట్టను?

అందుకే ఇంకో పని మొదలుపెడుతున్నాను. మీ పిల్లలు ఫోనులో తీసి పంపిన మంచు ఫొటోలుంటే తీసుకురండి, ఇంటికొకటి చొప్పున 8×12 సైజులో ఉచితంగా ప్రింటు వేసి ఇస్తాం. మనిషి, కొండలు, మంచు ఉంటే చాలు. సైనిక పోస్టులు, బంకర్లు, యూనిట్ బోర్డులు కనిపించేవి మాత్రం తేవద్దు, అవి ప్రింటు వేయం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపమని అబ్బాయికి చెప్పండి. నేను లేకపోయినా తమ్ముడు తీసుకుంటాడు.