అండమాన్‌లో మంచి బీచ్ ఏదో చెప్పేముందు టైము కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అండమాన్ బీచ్‌ల మీద మీరు వేసిన పేజీ చూసాం. ఫొటోలు చాలా బావున్నాయి, కాదనను, కానీ రాధానగర్ నంబర్ వన్, తర్వాతది నంబర్ టూ అని వరసగా ర్యాంకులు ఇచ్చేసి అక్కడితో ఆపేసారు, అందుకే ఈ ఉత్తరం. బరంపురంలో ఉన్న తెలుగువాళ్ళం మేం మీ శ్రీకాకుళం ఎడిషనే చదువుతాం (మా పిల్లలకి స్కూల్లో ఒడియా, ఇంగ్లీషే, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేది మీ పేపర్ మీదే), మీరు రాసింది చూసి టికెట్లు బుక్ చేసేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఎల్‌టీసీ (సెలవుల్లో టూరుకి గవర్నమెంట్ ఇచ్చే ప్రయాణ ఖర్చు) ఉంది కదా అని సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాల వాళ్ళు ఇంట్లో ముసలివాళ్ళని, పిల్లల్ని అందర్నీ వేసుకుని బయల్దేరతారు. భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో విమానం ఎక్కి, చాలాసార్లు కలకత్తాలో మారి, పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి (2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, కానీ ఆటోవాడి దగ్గర్నుంచి అందరూ పాత పేరే అంటున్నారు), అక్కడ్నించి మళ్ళీ షిప్పులో ఇంకో దీవికి, ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్ళేవాడికి ఏ బీచ్ బెస్ట్ అన్న ముక్క ఒక్కటీ సరిపోదండి.

రాధానగర్‌ని తక్కువ చేసి మాట్లాడ్డం లేదు. 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది, అప్పట్నించి ఆ పేరు అలా నిలబడిపోయింది. దాదాపు రెండు కిలోమీటర్ల పొడుగున పిండిలాంటి ఇసక, వెనకాల ఎత్తైన చెట్ల అడవి, మంచి సీజన్లో నీళ్ళు కూడా మెత్తగా ఉంటాయి. 2020లో మన దేశంలో మొదటి విడత బ్లూ ఫ్లాగ్ వచ్చిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి, ఆ లిస్టులోనే మన పూరీ గోల్డెన్ బీచ్, విశాఖ రుషికొండ కూడా ఉన్నాయి, అంటే మాకు అటొకటి ఇటొకటి ఆ జెండా ఉన్న బీచ్‌లే. ఆ జెండా ఇచ్చేది శుభ్రత, నీటి నాణ్యత, టాయిలెట్లు, లైఫ్‌గార్డులు ఇవన్నీ చూసి. మీ ఇంట్లో మోకాళ్ళ నొప్పుల అమ్మకీ, ఈత రాని చిన్నపిల్లకీ అది సరిపోతుందా అన్నది ఆ జెండా చెప్పదు కదా.

రాధానగర్ హేవ్‌లాక్ దీవికి పడమర వైపు ఉంది (2018లో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్ చేసారు), అంటే దాని అందమంతా సాయంత్రమే. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మన ఢిల్లీ టైమే, దాంతో డిసెంబర్లో అక్కడ సాయంత్రం ఐదుకే పొద్దు గుంకుతుంది. మనవాళ్ళు లంచ్ చేసి, ఓ కునుకు తీసి, టీ తాగి ఐదింటికి బయల్దేరదాంలే అనుకుంటే జెట్టీ వైపు హోటళ్ళ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి చీకటే, పైగా లైఫ్‌గార్డులు విజిల్ ఊది నీళ్ళలోంచి అందర్నీ బయటికి రమ్మంటారు. ఇంకోవైపు ప్యాకేజీల సంగతి చూడండి, మాకు ఇచ్చిన ప్యాకేజీలో రాధానగర్‌ని పొద్దున్న పదకొండుకి పెట్టారు, ఎందుకయ్యా అంటే ఆ రోజు కారు ఆ టైముకే ఖాళీ అట! పదకొండుకి ఆ ఇసక మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడమనండి. మా బావగారు డ్రైవర్‌తో ఫోన్‌లో గట్టిగా మాట్లాడి మూడింటికి మార్పించారు కాబట్టి సరిపోయింది. పొద్దున్నపూట చూడాలంటే అదే దీవిలో తూర్పు వైపు కాలాపత్థర్ ఉంది, నల్ల రాళ్ళ మధ్య సూర్యుడు పైకొస్తాడు, ఐదింటికల్లా లేచి వెళ్ళాలి మరి.

ఈ తూర్పు పడమర సంగతి సూర్యుడితోనే అయిపోదు. మే మూడోవారం దాటితే నైరుతి రుతుపవనాలు ముందు తాకేది అండమాన్‌నే, ఏటా ఆ వార్త మీరే వేస్తారు. ఆ గాలి పడమటి ఒడ్డుని మొత్తుతుంది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రాధానగర్‌లో మీ ఫొటోలో ఉన్న నీలం చెరువు కనపడదు, అలలు లేచి ఎర్రజెండా పెట్టే రోజులుంటాయి, అదే టైముకి తూర్పు ఒడ్డు కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఎండాకాలం సెలవులు జూన్ దాకా ఉన్నాయి కదా, రేట్లు కూడా తక్కువే అని వెళ్ళేవాళ్ళకి ఈ మాట ముందు చెప్పాలి.

ఇక మా గంజాం వాళ్ళకి ఇంకో చిక్కుంది. పూజా సెలవులంటే అక్టోబర్, ఒడిశాలో సగం జనం టూర్లకి వెళ్ళేది అప్పుడే. బంగాళాఖాతంలో తుపాన్లు లేచేది కూడా అప్పుడే. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటిన ఫైలిన్ అండమాన్ సముద్రం మీదుగానే వచ్చింది, మా ఇళ్ళ మీద రేకులు ఎగిరిపోవడం ఎవరూ మర్చిపోలేదు. అల్పపీడనం అంటే చాలు దీవుల మధ్య షిప్పులు ఆపేస్తారు, హేవ్‌లాక్‌లో మీరు, పోర్ట్‌బ్లెయిర్‌లో మీ రిటర్న్ ఫ్లైటు. వెళ్ళేవాళ్ళు డిసెంబర్ నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకోండి, లేదా చివర్లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రోజు ఖాళీగా వదిలేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను, పోటూ పాటూ (సముద్రం పైకి పొంగడం పోటు, వెనక్కి తగ్గడం పాటు). ఇది ఏ టూరిజం పేజీలోనూ ఎవరూ రాయరు. మాకు సముద్రమంటే గోపాల్‌పూర్. అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, అల వచ్చి కాళ్ళ దగ్గరే విరుగుతుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్ళకింద ఇసకతో సహా లాక్కుపోతుంది, అందుకే అక్కడి నోళియాలు (మన తెలుగు మాట్లాడే జాలర్లే) సెలవు రోజుల్లో టూరిస్టుల్ని నడుం లోతు దాటనివ్వరు. ఒడ్డు అంత వాలుగా ఉండడంతో పోటొచ్చినా పాటొచ్చినా చూసేవాడికి పెద్ద తేడా తెలియదు. అండమాన్‌లో చాలాచోట్ల ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఒడ్డు నుంచి చాలా దూరం పగడపు రాయి బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది, అలలు దూరంగా ఆ రాతి అంచునే విరిగిపోతాయి, లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడతాయి. కానీ పాటొస్తే ఆ పళ్ళెం ఖాళీ.

నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్) భరత్‌పూర్ బీచ్‌కి మేం వెళ్ళేసరికి అదే జరిగింది. నీళ్ళుండాల్సిన చోట బూడిదరంగు రాళ్ళు, గుంటల్లో వేలెడు చేపలు, సముద్ర దోసకాయలనే నల్లటి మెత్తటి జీవులు కదలకుండా పడున్నాయి, అద్దాల అడుగున్న బోట్లు పక్కకి ఒరిగి ఇసకలో కూర్చున్నాయి. మా అమ్మైతే "ఏట్రా ఇది, సముద్రం ఎటెల్లిపోనాది?" అంది. బోటతను బెంగాలీ (నీల్‌లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే), అమ్మ ఒడియాలో అడిగితే మాసీ మాసీ అంటూ బాగానే అర్థం చేసుకుని, మధ్యాహ్నం దాటాక రండి నీళ్ళొస్తాయి అన్నాడు. సరేనని అన్నం తిని మళ్ళీ వెళ్తే అదే చోట నడుం లోతు నీళ్ళు, ఆకుపచ్చ నీలం కలిసిన రంగు, అల అన్నదే లేదు, ఈత రాని మా అక్క కూతురు ట్యూబ్ వేసుకుని సాయంత్రం దాకా బయటికి రానంది. అమ్మ ఒడ్డునే నీళ్ళలో కూర్చుంది, గోపాల్‌పూర్‌లో ఎప్పుడూ అలా కూర్చోనివ్వలేదు మేం ఆమెని. పొద్దున్నే వచ్చి రాళ్ళు చూసి, ఇదేం బీచ్ అని తిట్టుకుని షిప్పెక్కి వెళ్ళిపోయినవాళ్ళు ఆరోజు ఎంతమందో.

ఇందులో గమ్మత్తేంటంటే అదే పాటు టైము ఇంకోచోటికి మంచి టైము. నీల్‌లోనే లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర రాతి వంతెన ఉంది, సముద్రం తొలిచేసిన కమాను, అక్కడి బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. అక్కడికి నీళ్ళు తగ్గినప్పుడే నడిచి వెళ్ళగలం, రాళ్ళు పాచిపట్టి జారతాయి, పట్టున్న చెప్పులు కావాలి, ముసలివాళ్ళని తీసుకెళ్ళకపోవడమే మంచిది. నీళ్ళున్నప్పుడు భరత్‌పూర్, నీళ్ళు లేనప్పుడు వంతెన, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో పొద్దు గుంకడం, మర్నాడు పొద్దున్నే సీతాపూర్‌లో సూర్యోదయం. భరతుడు, లక్ష్మణుడు, సీతమ్మ అందరూ ఆ చిన్న దీవిలోనే ఉన్నారు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆటోలో నిమిషాల పని. ఆ టైముల్ని కలుపుకుంటే రోజంతా ఒక్క గంట వృథా కాదు, కలపకపోతే ఎక్కడికెళ్ళినా తప్పు టైముకే.

ఈ టైములు కనుక్కోవడం కూడా బ్రహ్మవిద్య కాదు. ఒక పోటుకీ దాని తర్వాతి పాటుకీ మధ్య ఆరు గంటల చిల్లర, రోజుకి రెండుసార్లు వచ్చిపోతాయి, ఇవాళ వచ్చిన టైము కంటే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం. పౌర్ణమి, అమావాస్య దగ్గర్లో నీళ్ళు బాగా పైకొస్తాయి, బాగా కిందికీ పోతాయి, అష్టమి దగ్గర్లో తేడా తక్కువ. మన ఇంట్లో గోడకి పంచాంగం క్యాలెండర్ వేలాడుతూనే ఉంటుంది కదా, టికెట్ బుక్ చేసేముందు తిథి చూసుకుంటే సగం పనైపోయినట్టే, మిగతా సగం ఫోన్‌లో పోర్ట్‌బ్లెయిర్ టైడ్ టైమింగ్స్ అని కొడితే వస్తుంది.

పగడాలు చూడ్డానికి హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ ఉంది, జెట్టీ నుంచి బోటులో తీసుకెళ్తారు, ఈత రాకపోయినా ట్యూబ్ ఇచ్చి గైడు లాక్కెళ్తాడు. జనం ఎక్కువ, జెట్ స్కీల గోల ఎక్కువ. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు బాగా తెల్లబడి దెబ్బతిన్నాయి, కాబట్టి వీడియోల్లో చూపించే రంగులన్నీ ఉంటాయని వెళ్ళకండి, చేపలు మాత్రం బోలెడు. ఒడ్డున పడున్న పగడపు ముక్కే కదా అని బ్యాగులో వేసుకుంటే ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరికిపోతారు, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

మొసళ్ళ గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గరే ఒక అమెరికన్ టూరిస్టుని మొసలి చంపేసింది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర వండూర్ బీచ్‌లో కూడా బోర్డులు పెట్టారు. ఇది చదివి భయపడి టూర్ మానుకోనక్కర్లేదు, వల కట్టిన చోటే దిగడం, చీకటి పడ్డాక దిగకపోవడం, వాగు వచ్చి సముద్రంలో కలిసే చోటికి పోకపోవడం, ఇంతే. కానీ ఖాళీగా ఉంది, ఫొటోకి బావుందని జనం వెతుక్కుంటూ వెళ్ళేది సరిగ్గా అలాంటి మూలలకే, నంబర్ వన్ అని రాసిన పేపర్ ఈ సంగతి కూడా రాయాలి.

నన్నడిగితే మా లాంటి కుటుంబానికి, అంటే పెద్దవాళ్ళు, పిల్లలు, ఈత రానివాళ్ళు ఉన్న ఇంటికి, నీళ్ళున్న టైములో భరత్‌పూరే మొదటిది. జెట్టీ దిగితే పక్కనే, మెట్లెక్కి దిగే పని లేదు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, ఊరికే ఇసకలో నడుద్దాం అనుకునేవాళ్ళు సాయంత్రం మూడున్నరకి రాధానగర్ వెళ్ళండి, దాన్ని మించింది నేనైతే చూడలేదు. ఒకే దీవికి టైముందంటే నేను నీల్ అనే చెప్తాను, దీనికి మా బావగారు ఒప్పుకోరు, ఆయన రాధానగర్ పార్టీ, ఇంట్లో ఇంకా ఆ గొడవ నడుస్తూనే ఉంది.

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే సీజన్‌కి మళ్ళీ ఇలాంటి పేజీ వేసేటప్పుడు ప్రతి బీచ్ పేరు పక్కనా ఒక చిన్న బాక్సు కట్టి అది ఏ దిక్కుకి ఉంది, పోటులో వెళ్ళాలా పాటులో వెళ్ళాలా, ఏ నెలల్లో దిగొచ్చు, లైఫ్‌గార్డు ఉన్నాడా లేడా, ఈ నాలుగూ వెయ్యండి, దానికోసం ఫొటో ఒకటి తగ్గినా పర్లేదు. అలాగే మీ విశాఖ పేజీలో ఓడల రాకపోకలు వేస్తుంటారు కదా, పోర్ట్‌బ్లెయిర్ ఓడ విశాఖ నుంచి ఎప్పుడు బయల్దేరేదీ మా శ్రీకాకుళం ఎడిషన్‌లో కూడా వెయ్యమని మనవి, రెండు రోజుల పైన ప్రయాణమైనా విమానం ఎక్కనంటే ఎక్కనని భీష్మించుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఒకరున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా