శీనును గదిలో పెట్టి తాళం వేయకు

కందుకూరు

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదని రాశావు కదా, నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. మిగతాది తీరిగ్గా చదువుకుందువు గాని, ముందు ఈ ఒక్క మాట విను. తాగుడు మాన్పించడానికి శీనును గదిలో పెట్టి తాళం వేసి, వారం రోజులు మద్యం చుక్క దొరక్కుండా చేద్దామన్న ఆలోచన మానుకో. నీ కోపం న్యాయమైనదే. కానీ ఆ పని వాడి ప్రాణం మీదికి తెస్తుంది.

మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాల ఉద్రేకాన్ని అణచిపెడుతుంది, గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం రెచ్చగొడుతుంది. మద్యం గాబాకు బలమిచ్చి గ్లూటమేట్‌ను నొక్కేస్తుంది. మెదడు మాత్రం చూస్తూ ఊరుకోదు. దాన్ని తక్కెడ అనుకో. తాగుడు రోజూ ఒక పళ్ళెంలో బరువు వేస్తుంటే, సమానం చేసుకోవడానికి అది రెండో పళ్ళెంలో రాళ్ళు పేర్చుకుంటూ పోతుంది. ఏళ్ళ తర్వాత ఆ బరువును ఒక్కసారిగా లాగేస్తే రెండో పళ్ళెం దభాలున నేలకు కొడుతుంది. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదటి రోజే మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల లోపు మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి, ఇంట్లో వాళ్ళను కూడా గుర్తుపట్టరు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. వైద్యం అందక చనిపోయినవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికిపోతోందని నువ్వే రాశావు. దాన్ని మొండితనం అనుకుని తిట్టకు రమణా.

ఇంకో మాట రాశావు, అది చదివి చాలాసేపు కలం పట్టలేకపోయాను. “వాడికి అందులో సుఖమైనా ఉంటే సరే అనుకునేవాణ్ణి, తాగి కూడా ఏడుస్తూనే కూర్చుంటాడు, మళ్ళీ పొద్దున్నే అక్కడికే పోతాడు” అని. నువ్వు చూసింది నిజం. దీనికి సమాధానం మెదడులోని డోపమైన్ అనే మరో రసాయనంలో ఉంది.

1954లో మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో సన్నని తీగలు పెట్టి, మీట నొక్కితే అక్కడ కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు ఆ మీటను గంటకు వందల సార్లు నొక్కాయి. 1957లో స్వీడన్‌కు చెందిన అర్విడ్ కార్ల్‌సన్ డోపమైన్ స్వయంగా సందేశాలు మోసే రసాయనమని చూపించాడు. అందుకు 2000లో అతనికి నోబెల్ వచ్చింది. చాలాకాలం అందరూ దాన్ని సుఖాన్నిచ్చే రసాయనమే అనుకున్నారు. తర్వాత మిచిగాన్‌లో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ డోపమైన్ దాదాపుగా పోగొట్టిన ఎలుకల నాలుక మీద తీపి నీళ్ళు వేసి చూశారు. అవి మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా మూతి నాక్కున్నాయి. కానీ ఎదురుగా తిండి ఉన్నా తమంతట తాము కదలలేదు. అంటే ఇష్టం ఒక దారి, ఆరాటం ఇంకో దారి. వ్యసనంలో ఆరాటం పెరుగుతూ పోతుంది, ఇష్టం ఇంకిపోతుంది. శీను పరిస్థితి అదే.

పైగా డోపమైన్ కణాలు గుర్తులకు అలవాటు పడతాయి. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు దీపం వెలిగించి పళ్ళరసం ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు రసం తాగినప్పుడు కాకుండా దీపం వెలగగానే ఆ కణాలు ఎగిసిపడ్డాయి. మీ ఊరి సెంటర్లో దుకాణం బోర్డు కనపడితేనే శీను కాళ్ళు అటు తిరగడం అందుకే. 1992లో మీ దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారే, ఆ పోరాటం మీద నా గౌరవం ఈ చదువుతో ఇంకా పెరిగింది. కళ్ళెదుట నుంచి ఆ గుర్తునే తీసేశారు వాళ్ళు.

వాడి సిగరెట్ల సంగతీ అడిగావు. మా వైపు పొగాకు రెలుపులప్పుడు తెల్లవారుజామున మంచుతో తడిసిన ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులవుతాయి. చేతులు నల్లటి జిగురుతో అట్టకట్టి ఉంటాయి. మంచు నీటిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. ఆ బాధ పడి ఎవరూ ఆకు కోతకు బానిస కాలేదు. అదే నికోటిన్ పొగలో వెళితే పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం కూర్చునే చోట కూర్చుని డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. ఎంత త్వరగా చేరితే అంత గట్టిగా పట్టుకుంటుంది. సిగరెట్టు తర్వాత చూద్దాం, ముందు మద్యం.

నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళదాం. అక్కడ గాబాకు ఊతమిచ్చే మందులు మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ తగ్గిస్తారు, థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. ఆ తర్వాత ఆరాటం తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులు ఉన్నాయి, అవి వాడికి సరిపడతాయా అన్నది డాక్టరు తేలుస్తారు. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మూర్ఛ వచ్చినా, మతి తప్పి మాట్లాడినా 108ని పిలువు, నా కోసం ఆగకు.

శనివారం కాలేజీ అవగానే బస్సెక్కుతాను. శీనుతో నేను మాట్లాడతాను, వాడు నా మాట కాదనడు. నువ్వు మాత్రం వాడు ఏ పూట ఎంత తాగుతున్నాడో, చివరిసారి ఎప్పుడు ఆపి చూశాడో, అప్పుడు ఏమయిందో ఒక కాగితం మీద రాసి ఉంచు. డాక్టరు మొదట అడిగేది అదే. అమ్మకు నా నమస్కారాలు.

నీ
ప్రసాద్