ఆ రోజు చేతులు కడుక్కోకుండా అన్నం తిన్న మేడం గారికి

నిన్న రాత్రి విశాఖపట్నం నుంచి ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. ఒళ్లంతా అలసటగా ఉన్నా ఇది రాయకుండా పడుకోబుద్ధి కాలేదు. రెండేళ్లుగా మా ఇంట్లో ఏం జరుగుతోందో దగ్గరి బంధువులకు కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఒప్పుకొన్నాకనే, పేర్లేవీ లేకుండా రాస్తున్నాను. విశాఖపట్నంలో మా అమ్మాయికి చికిత్స చేస్తున్న క్లినికల్ సైకాలజిస్టు మేడం గారు కూడా తన పేరు రాయవద్దని కోరారు.

మా అమ్మాయికి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు ఉంది. డిగ్రీ రెండో సంవత్సరంలో మాటిమాటికీ చేతులు కడుక్కోవడంతో మొదలైంది. మా అమ్మ దాన్ని మడి అనుకొని మురిసిపోయింది, నేను చాదస్తం అనుకొని విసుక్కున్నాను. ఏడాది తిరిగేసరికి స్నానానికి మూడు గంటలు పట్టేది, రెండు రోజులకొక సబ్బు అయిపోయేది, వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కారేది. వీధిలోంచి వచ్చిన వస్తువును తాకితే ఆ మురికి తన చేతుల నుంచి నాయనమ్మకు అంటుకొని, ఆవిడ ప్రాణం పోతుందని పాప భయం. ఆ భయంలో అర్థం లేదని తనకే తెలుసు. తెలిసి కూడా ఆగలేకపోవడమే ఈ జబ్బు అని మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

అందులో ఎనిమిది నెలలు పూర్తిగా వృథా అయ్యాయి. మా పట్టణంలో సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి తీసుకువెళ్లాం. చేతికి రబ్బరు బ్యాండు వేసుకొని, చెడ్డ ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని లాగి వదలమని ఆయన చెప్పారు. కడుక్కోవడం తగ్గలేదు సరికదా, మణికట్టు మీద ఎర్రటి వాతలు తేలాయి. ఆయన ఏం చదివారో మేము అడగలేదు. ఇరవై ఆరేళ్లుగా బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నవాడినే అయినా, అలా అడగవచ్చని నాకు తట్టలేదు.

మేడం గారు మాత్రం మేము అడగకముందే చెప్పారు. మొదటి రోజు, పాప కుర్చీ అంచున చేతులు ఎక్కడా తగలకుండా కూర్చుని ఉండగా, తన చదువు గురించి వివరించారు. సైకాలజీలో ఎం.ఏ. తర్వాత రెండేళ్లు ఆసుపత్రిలో రోగుల మధ్య, పెద్దల పర్యవేక్షణలో పనిచేస్తూ క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. పూర్తి చేశానని, ఆ తరువాత తొమ్మిదేళ్లుగా ఎక్కువగా ఓసీడీతోనూ రకరకాల భయాలతోనూ బాధపడేవారికే చికిత్స చేస్తున్నానని, తాగుడు మాన్పించే చికిత్సలో తనకు అనుభవం తక్కువ కనుక అలాంటివారిని వేరేవారి దగ్గరికి పంపుతానని చెప్పారు. గోడ మీది ధ్రువపత్రంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన నమోదు సంఖ్య చూపించి, "రాసుకోండి మాస్టారూ, ఇంటికి వెళ్లి సరిచూసుకోండి" అన్నారు. క్లినికల్ సైకాలజిస్టులు ఆ కౌన్సిల్‌లో నమోదు కావాలని 1992 నాటి చట్టమే ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నేను "డాక్టరు గారూ" అని పిలిస్తే, "నేను మందులు రాసే డాక్టర్ని కాదండీ, మందుల సంగతి సైకియాట్రిస్టు గారు చూస్తారు" అని సరిదిద్దారు. తనకు ఏది రాదో ముందే చెప్పిన మనిషి మీద నాకు ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

తరువాత ఓసీడీ తీవ్రతను కొలిచే ప్రశ్నావళితో పాపను వివరంగా అడిగారు. 40కి 29 వచ్చింది, అంటే తీవ్రమైన దశ. ఆవిడ అనుసరించే పద్ధతిని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టే వస్తువును కావాలనే తాకి, ఆ తరువాత కడుక్కోకుండా ఉండి, భయం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టడం అందులోని సాధన. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఈ దారిలో చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారని, అంతకుముందు ఈ జబ్బు నయం కాదనే చాలామంది అనుకొనేవారని పాపకు కథలా చెప్పారు. పాప చేతనే పద్నాలుగు మెట్ల జాబితా రాయించి, ఒక్కొక్క మెట్టు పక్కన సున్నా నుంచి వంద దాకా ఎంత భయమో అంకె వేయించారు. తలుపు గొళ్లెం ముప్పై, కరెన్సీ నోటు నలభై ఐదు, చెప్పులు విడిచే చోటు ఎనభై ఐదు. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో నిర్ణయించేది పాపే. ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు.

మాకూ పాఠం చెప్పారు. "నా చేతులు శుభ్రంగానే ఉన్నాయా?" అని పాప రోజుకు యాభైసార్లు అడిగేది, మేము యాభైసార్లూ ఉన్నాయమ్మా అనేవాళ్లం. ఆ జవాబు ఇచ్చిన ప్రతిసారీ జబ్బుకు ముద్ద కలిపి పెడుతున్నట్టేనని మేడం గారు చెప్పినప్పుడు నా భార్య ఏడ్చింది. తప్పు మీది కాదు, ప్రేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాగే జరుగుతుందని ఆవిడ చెయ్యి పట్టుకొని చెప్పారు.

తొమ్మిదో వారం ఎనభై ఐదు దగ్గరికి వచ్చాం. గది బయట చెప్పులు విడిచే చోట పాప నిలబడి వణుకుతోంది. మేడం గారు ఏమీ అనకుండా నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ ఆ బండ మీద ఆనించి ఉంచారు. కాసేపటికి పాప కూడా పక్కనే కూర్చుని ఒక వేలు పెట్టింది, ఆ తరువాత చెయ్యంతా. గంట దాటింది. మా తరువాత రావలసిన వారికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పమన్నారు. భయం ఎనభై ఐదు నుంచి నలభైకి దిగాక, ఆ చేతులతోనే తన క్యారేజీ విప్పి, పప్పన్నం కలుపుకొని తినసాగారు. పాప కళ్లప్పగించి చూస్తుంటే, "నేను చేయని పని నిన్ను చేయమని ఎప్పుడూ అడగను తల్లీ" అన్నారు. పాప కొంతసేపు ఆగి, ఆ గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకొని తింది. పద్నాలుగు నెలల తరువాత నా బిడ్డ చెంచా లేకుండా అన్నం తినడం చూశాను. వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకొని ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. తన వైద్యంలో ఇది మామూలు విషయమేనని ఆవిడ తరువాత అన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను.

నిన్న మళ్లీ కొలిచారు. 40కి 13. ఇక నెలకొకసారి వస్తే చాలన్నారు.

ఒక మాట మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ చికిత్స కోసం మేము ప్రతి వారం తెల్లవారుజామున ఆమదాలవలసలో రైలెక్కవలసి వచ్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది, అందులో క్లినికల్ సైకాలజిస్టుకు చోటు కూడా ఉంది, అయినా మేము వెళ్లిన సర్కారు ఆసుపత్రిలో ఆ గదికి తాళమే కనిపించింది. శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మా బీమా కంపెనీ మాత్రం, ఆసుపత్రిలో మంచమెక్కని చికిత్సకు డబ్బు రాదని రెండు వాక్యాల్లో తిప్పి పంపింది. మంచమెక్కకుండా కాపాడే చికిత్సకు విలువ కట్టని పద్ధతి ఏం పద్ధతి? నాకు జీతం ఉంది కనుక నెట్టుకొచ్చాను. ఆ వరండాలో నా పక్కన కూర్చున్న కూలి మనిషి మూడు వారాలు వచ్చి, తన కొడుకును తీసుకొని మళ్లీ రాలేదు. ఆ అబ్బాయి నాకు రోజూ గుర్తుకొస్తాడు.

నా భార్య, మా అమ్మ, చిన్నవాడు ఎంత చేశారో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు.

పంపేముందు చదువుకుంటే, మందులు సరిచూసి ఇచ్చిన సైకియాట్రిస్టు గారి మాటే రాయలేదని చూసుకొన్నాను. ఆ మందులు పనిచేయడానికి వారాలు పడుతుందని ముందే చెప్పి మమ్మల్ని నిలబెట్టింది ఆయనే, వారికి నమస్కారాలు. నా తరగతులు తీసుకున్న లెక్కల మాస్టారికి, ప్రతి గురువారం సెలవు చీటీ మీద కారణం అడగకుండా సంతకం పెట్టిన హెడ్మాస్టరు గారికి కృతజ్ఞతలు. పాప సీటు తుడుచుకొనేదాకా విసుక్కోకుండా ఆటో ఆపి ఉంచిన కంచరపాలెం ఆటో అబ్బాయికి కూడా. పాప పగిలిన చేతులకు రాసుకోమని డబ్బులు తీసుకోకుండా లేపనం ఇచ్చిన మందుల షాపు ఆయన్ని ఇప్పుడే మా ఆవిడ గుర్తుచేసింది.