1978కి ముందు సంగతీ రాయాలి

సంపాదకుల వారికి,

అమెరికాలో పుట్టిన మార్మన్ చర్చి 1978 జూన్‌లో నల్లజాతి పురుషులకూ యాజకత్వం (మతకర్మలు జరిపే అధికారం) ఇచ్చిందని మీ పత్రికలో చెప్పి ఊరుకుంటే కథ సగమే. 1836లోనే ఎలైజా ఏబెల్ అనే నల్లజాతీయుడు ఆ చర్చిలో ఎల్డర్ (యాజకత్వంలో ఒక హోదా) అయ్యాడు. ఆ తలుపు మూసేసినట్టు 1852లో ప్రకటించింది అప్పటి చర్చి అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్. జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి మహిళ సంగతి మరీ ఘోరం. కనెక్టికట్ నుంచి బయల్దేరి, వందల మైళ్లు నడిచి అప్పటి మార్మన్ల కేంద్రం నావూ చేరిన విశ్వాసి ఆమె. ఆలయ సంస్కారాల కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటే, 1894లో, ఎప్పుడో చనిపోయిన చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు శాశ్వత సేవకురాలిగా ఆలయ సంస్కారంతో ముడివేశారు. అదీ ఆమెను లోపలికి రానివ్వకుండా, బదులుగా మరొకరిని నిలబెట్టి! పరలోకంలోనూ పనిమనిషేనన్నమాట. నల్లరంగు శాపమనే పాత వాదాలను చర్చి 2013లో ఒక వ్యాసం వెలువరించి తోసిపుచ్చింది, సంతోషం. ఆ వ్యాసంలో క్షమాపణ మాత్రం ఎక్కడా లేదు.

- ఒక పాఠకుడు, విజయవాడ